ఏటికొప్పాక బొంగరం అల్ఫారెట్టాలో ఎంతకి అమ్మాలి?

అమెరికాలోని జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో సొంతంగా కూచిపూడి స్టూడియో నడిపే ఒక టీచరు, పిల్లల ప్రదర్శనల రోజున ఏటికొప్పాక లక్క బొంగరాలు అమ్మాలనుకున్నారనుకుందాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. గిరగిరా తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. దానిపై మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచే రంగులు.

సహజ రంగులైనంత మాత్రాన అమెరికా చట్టం ఊరుకోదు. 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లల వస్తువుల పైపూతలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని 2008 నాటి చట్టం ఆధారంగా ఉన్న నిబంధన. అది మించలేదని గుర్తింపు పొందిన ల్యాబ్ తేల్చాలి. అలంకరణ వస్తువని చీటీ అంటించి తప్పించుకుందామంటే కుదరదు, బొంగరం పిల్లలు ఆడేదే.

ఇక లెక్కలు. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు. ఒక్కో బొంగరానికి చేసినవారికి 3 డాలర్లు, విమాన రవాణాకు 2, డబ్బా, చీటీకి 1. నాలుగు రంగుల పరీక్షకు మొత్తం 400.

ఇక సుంకం. బొమ్మలపై అమెరికా మామూలు సుంకం సున్నా. 2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. రెండు రోజులకే, 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న మినహాయింపూ పోయింది. ఈ రేట్లు నిలకడగా ఉండటం లేదు కాబట్టి ఆర్డరు పెట్టే ముందు ఆనాటి రేటు కనుక్కోవాలి. గట్టి దెబ్బకే సిద్ధపడి 50 శాతం వేసుకుంటే బొంగరానికి 1.50.

200 బొంగరాలు తెప్పిస్తే పరీక్ష ఖర్చు తలా 2 పడి, మొత్తం 9.50 అవుతుంది. 50 మాత్రమే తెప్పిస్తే పరీక్షకే తలా 8, మొత్తం 15.50. ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో 18 డాలర్లకు అమ్మితే 6.5 శాతం కమీషన్, 3 శాతంతో పాటు 25 సెంట్ల చెల్లింపు రుసుము, 20 సెంట్ల లిస్టింగ్ కలిసి కనీసం 2.16 పోతాయి. 200 తెచ్చినవారికి బొంగరానికి 6.34 మిగిలితే, 50 తెచ్చినవారికి మిగిలేది 34 సెంట్లు.

ఇక్కడే చాలామంది కళాకారుడి దగ్గర బేరం మొదలుపెడతారు. ఆయన 3 డాలర్లను 2కు దించితే సుంకంతో కలిపి మిగిలేది 1.50. అదే 50 బొంగరాలకు నాలుగు రంగుల బదులు రెండే ఎంచుకుని పరీక్ష ఖర్చు సగం చేసుకుంటే తలా 4 డాలర్లు మిగులుతాయి. తగ్గించాల్సింది రంగులు, డిజైన్లే. బొంగరం చేసే మనిషి కూలి మీద చెయ్యి వేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది, లెక్క ప్రకారం దానివల్ల పెద్ద లాభమూ లేదు.

ప్రదర్శన హాల్లో అదే 18 డాలర్లకు అమ్మితే ఎట్సీ రుసుము ఉండదు. అల్ఫారెట్టాలో 7.75 శాతం అమ్మకపు పన్ను వసూలు చేసి కట్టాలి, కొనేవారికి 19.40 పడుతుంది. దానికోసం జార్జియా రెవెన్యూ శాఖలో ముందే నమోదు చేసుకోవాలి. అక్కడ 200 అమ్ముడైతే, చేసినవారికి 3 బదులు 4 డాలర్లు ఇచ్చినా ఖర్చు 11 దాటదు, కార్డు రుసుముకు ముందు స్టూడియోకి 7 డాలర్లు మిగులుతాయి.