అల్పసంఖ్యాకులనగా నెవరు?

మన పాఠశాలలో బిడ్డలను చేర్పించునపుడు దరఖాస్తులో ‘భాషా అల్పసంఖ్యాకులు’ అను మాట చూచి కొందరు తల్లిదండ్రులు నొచ్చుకొందురు. కారణము లేకపోలేదు. తెలుగున ‘అల్పుడు’ అనుట తిట్టు. ‘అల్పబుద్ధి’ యనినను అంతే. కాని యిచ్చట ‘అల్ప’ యనునది సంఖ్యకు మాత్రమే విశేషణము. అల్పాహారమును ఎవరును నీచాహారమని తలంపరు గదా!

వాడుకలోని ‘మైనారిటీ’ మరింత చిక్కు తెచ్చుచున్నది. పూర్వము జమీందారీ కుటుంబములలో మైనారిటీ తీరుట యనగా యుక్తవయస్సు వచ్చుట. నేడు వీథిలో ఆ మాట వినినచో జనులు మతమునే తలంతురు. రాజ్యాంగములోని 30వ అధికరణము మతముతోపాటు భాషనుగూడ పేర్కొని, అట్టివారికి తమ కిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నొసగినది. పదమునకు నిర్వచనము మాత్రము అందు లేదు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇందుకు రాష్ట్రమే ప్రమాణమని తీర్పు చెప్పినది. కనుక నెల్లూరిలో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు చెన్నై చేరగనే అల్పసంఖ్యాకుడగును. చెన్నై తమిళుడు నెల్లూరు చేరినను అంతే.

ఈ మాట కాగితమునకే పరిమితము కాదు. 2006 నాటి చట్టము పదవ తరగతి వరకు తమిళమును క్రమముగా తప్పనిసరి చేసినది. భాషా అల్పసంఖ్యాకుల పక్షమున వ్యాజ్యము నడువగా, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వారి పిల్లలకు ఆ పరీక్షనుండి ఒక యేడు మినహాయింపు నిచ్చినది. తమిళము మన బిడ్డలకు అవసరమే. తెలుగు పోగొట్టుకొనుట అవసరము కాదు. కావున మాతృభాష గడిని ఖాళీగా విడువక ‘తెలుగు’ అని స్పష్టముగా వ్రాయవలెనని కోరుచున్నాము.