పాప పడుకునే 40 నిమిషాలు: నేను అమ్మేసిన గేర్, దాచుకున్న గేర్

ఒకప్పుడు రివ్యూ వీడియో తీయాలంటే నాకు ఆదివారం మొత్తం ఉండేది. పొద్దున్నే లైట్లు పెట్టుకుని, మధ్యలో టిఫిన్ చేసొచ్చి, సాయంత్రం దాకా నింపాదిగా షూట్ చేసేవాణ్ని. ఇప్పుడు మా పాపకి ఏడాదిన్నర. మధ్యాహ్నం తను పడుకుంటే 40 నిమిషాలు, అదృష్టం బాగుంటే గంట. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేసిందా, ఆ రోజుకి ప్యాకప్.

పాత సెటప్ సర్దడానికే 25 నిమిషాలు పోయేవి. ట్రైపాడ్, సాఫ్ట్‌బాక్స్, మిర్రర్‌లెస్ కెమెరా, గింబల్ బ్యాలెన్సింగ్... అన్నీ రెడీ అయ్యి రికార్డ్ నొక్కేసరికి లోపల్నుంచి "నాన్నా" అని పిలుపు. కొన్ని నెలలు ఇలా తంటాలు పడ్డాక అర్థమైంది. నాకు కావాల్సింది ఇంకో లెన్స్ కాదు, 2 నిమిషాల్లో మొదలయ్యే సెటప్.

గింబల్ అమ్మేశా. టేబుల్ మీద ఫోన్ పెట్టి తీసే వీడియోలకి అది నిజంగా అవసరం లేదు, కొన్నప్పుడు మోజు అంతే. సాఫ్ట్‌బాక్స్ కూడా పోయింది. దాని బదులు ఒక ఎల్ఈడీ ప్యానెల్‌ని క్లాంప్‌తో పై షెల్ఫ్‌కి బిగించా, పాప చేతికి అందదు, తీసి పెట్టే పనీ లేదు. బయటి షూట్లు, పెళ్లి వీడియోలు తప్ప మిగతావన్నీ ఫోన్‌తోనే. వైర్‌లెస్ మైక్, పవర్ బ్యాంక్, కేబుల్స్ ఒకే పౌచ్‌లో ఉంటాయి.

అన్నట్టు, ఇంట్లో పాకే పిల్లలుంటే ముందు చూడాల్సింది కెమెరా కాదు, రిమోట్. రింగ్ లైట్లు, చిన్న ఎల్ఈడీలతో వచ్చే పల్చటి రిమోట్‌లలో ఎక్కువగా బటన్ సెల్ ఉంటుంది. సీఆర్2025, సీఆర్2032 రెండూ 20 మిల్లీమీటర్ల వెడల్పు, పిల్లల గొంతులో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే సైజు. మింగితే లోపలి తడి తగిలి కరెంట్ పారుతుంది, అక్కడ క్షారం పుట్టి 2 గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే. మా ఇంట్లో ఆ రిమోట్ ట్రే స్క్రూతో బిగించే రకం కాదు, గోరుతో లాగితే వచ్చేసేది. సెల్ తీసి రీసైక్లింగ్‌కి ఇచ్చేశా. ఇప్పుడు ప్యానెల్ మీదున్న బటన్లే నొక్కుతున్నా.

ఇక అసలు దెబ్బ. పెళ్లి వీడియోల విషయంలో నేను చాలా జాగ్రత్త. 3-2-1 అంటారు కదా: 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్, 1 కాపీ ఇంటి బయట. క్లయింట్ ఫుటేజ్ ఎప్పుడూ పోలేదు. కానీ పాప మొదటిసారి నాలుగడుగులు వేసినప్పుడు చేతికి దొరికిన మిర్రర్‌లెస్‌తో తీసి, ఆ కార్డ్‌ని అలాగే వదిలేశా. రెండు రోజుల తర్వాత రివ్యూ డెడ్‌లైన్. కెమెరాలో కార్డ్ ఫార్మాట్ చేసి 20 నిమిషాలు షూట్ చేసేశా. ఆ రాత్రి మా ఆవిడ, "నడిచిన వీడియో మా అమ్మకి పంపావా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఫార్మాట్ అయిన వెంటనే కార్డ్ వాడటం ఆపేస్తే డేటా చాలావరకు దొరుకుతుంది, ఎందుకంటే మామూలు క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికనే తుడుస్తుంది. నేను ఆపలేదు, పైనుంచి కొత్తది రాసేశా. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా వెతికితే ఫోటోలు కొన్ని వచ్చాయి. నాలుగడుగుల ఫైల్ కూడా కనిపించింది. ప్లే అవ్వలేదు.

ఇప్పుడు ఇంటి వీడియోలు పని కార్డ్‌లో తీయను, అంతా ఫోన్‌లోనే. అది కూడా 4కే 30 ఫ్రేమ్స్‌లోనే. యాపిల్ లెక్క ప్రకారం హెచ్ఈవీసీలో 4కే 30కి నిమిషానికి సుమారు 170 ఎంబీ, 60కి 400 ఎంబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ 4కే 60 వీడియోతో 40 నిమిషాల్లోపే నిండిపోతుంది. పాప బొమ్మ విసిరేది 60 ఫ్రేమ్స్‌లో చూడకపోయినా పర్లేదు. రాత్రి వైఫైలో ఆటో బ్యాకప్, నెలకోసారి హార్డ్ డిస్క్‌కి కాపీ. ఏళ్ల తరబడి బీరువాలో పెట్టాలంటే ఎస్ఎస్‌డీ వద్దు, పవర్ లేకుండా చాలాకాలం ఉంటే ఫ్లాష్ మెమరీలో డేటా చెడిపోవచ్చు. ఇంకో డిస్క్ ఊళ్లో అమ్మ దగ్గర ఉంటుంది, పండక్కి వెళ్లినప్పుడల్లా అప్‌డేట్ చేసి వస్తా.

ఆ డిస్క్ ఇవ్వడానికి మొదటిసారి వెళ్లినప్పుడే అమ్మ తన ఫోన్ తీసింది. నేను పూర్తిగా మర్చిపోయా: ఆ రోజు కెమెరా స్క్రీన్ మీద వీడియో ప్లే చేస్తూ, దాన్ని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో అమ్మకి పంపి, నా ఫోన్‌లో స్టోరేజ్ కోసం డిలీట్ చేశానట. 11 సెకన్ల క్లిప్. ఫోకస్ సరిగ్గా లేదు, స్క్రీన్ మీద ట్యూబ్‌లైట్ మెరుపు, అంచున నా బొటనవేలు. ఇలాంటి శాంపిల్ ఏ ఫోన్ ఇచ్చినా నేను సగం మార్కులు కోసేస్తా. అక్కడికక్కడే 3 చోట్ల కాపీ చేశా.