కంప్యూటర్ పాడైందా? డ్రైవర్ పోయిందా?



మన హాస్టల్‌లో కంప్యూటర్ అంటే ఒక్కటే. స్టడీ హాల్ మూలన ఉన్న ఆ పాత డబ్బా మీదే ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపాలి, దాని మీదే కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టాలి, దాని మీదే హాల్ టికెట్లు తీయాలి. అది ఒక్క రోజు ఆగినా నెట్ సెంటర్ ముందు వరుస కట్టాలి. పాకెట్ మనీ మొత్తం ప్రింట్లకే పోతుంది. ఆఖరు తేదీ దాటితే ఏడాది స్కాలర్‌షిప్పే పోతుంది. అందుకే ఈ సంచికలో కవితలు, జ్ఞాపకాల నడుమ కంప్యూటర్ గురించి ఒక వ్యాసం రాయాలనుకున్నాం. మేమంతా ఈ హాస్టల్ అన్నం తిని పీజీ దాకా వెళ్లినవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. కంప్యూటర్‌కు ఏదైనా అయితే అడగడానికి ఇంట్లో అన్నలు, అక్కలు ఎవరూ లేరు. మీలో చాలామందిదీ అదే పరిస్థితి కాబట్టి, తెలిసినంత వరకు విడమరచి చెబుతున్నాం.

జరిగింది ఏమిటి?

గత సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చేసరికి కంప్యూటర్ తెరపై అక్షరాలన్నీ పెద్దపెద్దగా, సాగదీసినట్టు కనిపిస్తున్నాయి. దరఖాస్తు ఫారం తెరిస్తే సగమే కనబడుతోంది, కింద ఉండే 'సబ్మిట్' బటన్ తెర బయటే ఉండిపోయింది. కిటికీ జరిపితే పైకి లాగినట్టు నెమ్మదిగా కదులుతోంది. అంతకు ముందు వారమే వైరస్ వచ్చిందని ఒక షాపులో విండోస్ 7 కొత్తగా వేయించారట. మళ్లీ తీసుకుపోతే ఆ షాపాయన ఏదో ప్రయత్నించి, "కార్డు పోయింది, కొత్తది వేయాలె" అన్నాడట. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని తమ్ముళ్లు చందాల లెక్క వేస్తున్నారు.

కార్డు పోలేదు. దానికి తగిన డ్రైవర్ లేదు, అంతే. ఆ డ్రైవర్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

డ్రైవర్ అంటే ఎవరు?

డ్రైవర్ అంటే ఆర్టీసీ బస్సు నడిపే అన్న కాదు. కంప్యూటర్ భాషలో డ్రైవర్ అంటే దుబాసీ. మన ఉట్నూర్ ప్రాంతం వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చిన ఒక ఆఫీసరు గోండు గూడేనికి పోతే, గోండి, తెలుగు రెండూ వచ్చిన మనిషి పక్కన ఉండాలి. ఆయన ఉంటే పని గంటలో అయిపోతుంది. లేకపోతే ఆఫీసరు చేతులతో సైగలు చేయాలి. నీళ్లు, అన్నం వంటివి సైగలతో చెప్పొచ్చు గానీ, పహాణీ నకలు గురించి సైగలతో చెప్పలేం కదా!

ఇక్కడ విండోస్ ఆఫీసరు, గ్రాఫిక్స్ కార్డు గూడెం పెద్ద. ప్రతి కంపెనీ కార్డుకు దాని సొంత భాష ఉంటుంది. డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఆ రెండింటి మధ్య మాట్లాడుతుంది. అది లేనప్పుడు విండోస్ 'వీజీఏ' అనే పాత సైగల భాష వాడుతుంది. ఇది 1987లో ఐబీఎం కంపెనీ తెచ్చిన పద్ధతి. దాదాపు అన్ని పాత కార్డులకూ అది అర్థమవుతుంది గనుక తెర పూర్తిగా నల్లబడదు. కానీ ఆ సైగలతో నడిచేది కొంతే.

కొంత లెక్క చూద్దాం. 800 × 600 తెరలో 4,80,000 చుక్కలు ఉంటాయి. 1024 × 768 తెరలో 7,86,432 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 4 బైట్లు అనుకుంటే, రెండో తెరలో ఒక్క బొమ్మకే 3 ఎంబీ అవుతుంది. సెకనుకు 60 సార్లు ఆ బొమ్మను మానిటర్‌కు పంపాలి. అంటే సెకనుకు 180 ఎంబీ. దుబాసీ ఉంటే కిటికీ జరపడం, వీడియో ఆడించడం వంటి బరువును కార్డు మోస్తుంది. లేకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. తెర నత్తనడక నడవడానికి కారణం ఇదే.

డ్రైవరా, కార్డా, కేబులా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

1. మానిటర్ మీద 'నో సిగ్నల్' అని వస్తే ముందు కేబుల్ చూడండి. విడిగా కార్డు ఉన్న కంప్యూటర్‌లో వెనక రెండు చోట్ల మానిటర్ పిన్ పెట్టొచ్చు. మౌస్, కీబోర్డు పెట్టే వరుసలో ఉన్నది మదర్‌బోర్డుది. దాని కింద అడ్డంగా ఉన్నది కార్డుది. కేబుల్ కార్డుకే పెట్టాలి.

2. స్విచ్ వేయగానే, విండోస్ రాకముందు, కంపెనీ పేరుతో ఒక తెర వస్తుంది. దానికి విండోస్ డ్రైవర్‌తో పని లేదు. అక్కడ కూడా గీతలు, చుక్కలు ఉంటే తప్పు కేబుల్‌దో, మానిటర్‌దో, కార్డుదో. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్ వచ్చాక చెడితే డ్రైవర్‌ను అనుమానించాలి.

3. విండోస్ 7లో స్విచ్ వేసిన వెంటనే ఎఫ్8 నొక్కుతూ పోతే 'సేఫ్ మోడ్' అని వస్తుంది. అందులో విండోస్ కంపెనీ డ్రైవర్‌ను పక్కన పెట్టి సైగల భాషతోనే నడుస్తుంది. మామూలుగా తెర చెడిపోయి, సేఫ్ మోడ్‌లో బాగుంటే కార్డు బతికే ఉందని అర్థం.

4. పది నిమిషాలు బాగా నడిచి తర్వాత గీతలు వస్తే అది వేడి. మన దగ్గర ఎండాకాలం దుమ్ముకు కార్డు మీది చిన్న ఫ్యాన్ బిగుసుకుపోతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని (ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోవడానికి), మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. కార్డు తీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. వానాకాలం చెమ్మకు ఆ అంచు నల్లబడుతుంది.

ఇంకో సంగతి. అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే డ్రైవర్‌ను తిట్టకండి. అది ఫాంటు లేకపోవడం. మన జిల్లాలోని నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపికి 2018 జూన్‌లో, యూనికోడ్ 11.0లో చోటు దొరికింది. అంతకు ముందే వచ్చిన విండోస్ 7లో ఆ అక్షరాలు ఉండే అవకాశమే లేదు. నోటో వరుసలో గుంజాల గోండి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అది వేసుకుంటే అక్షరాలు కనిపిస్తాయి, పాత విండోస్‌లో ఒత్తులు మాత్రం సరిగా కూర్చోకపోవచ్చు.

కార్డు పేరు కనుక్కోవడం

'కంప్యూటర్' బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'మేనేజ్' లోకి, అక్కడి నుంచి 'డివైస్ మేనేజర్' లోకి పోవాలి. 'డిస్‌ప్లే అడాప్టర్స్' పక్కన నొక్కితే కార్డు పేరు వస్తుంది. మన దాంట్లో 'స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్' అని వచ్చింది. విండోస్ 8 నుంచి దీన్నే 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అంటున్నారు. ఈ రెండు పేర్లలో ఏది కనిపించినా దుబాసీ లేడని అర్థం.

అసలు పేరు ఎలా తెలుస్తుంది? దాని మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'డీటెయిల్స్', 'హార్డ్‌వేర్ ఐడీస్'. అక్కడ ఒక పొడుగాటి వరుస ఉంటుంది. అందులో 'వెన్' తర్వాత ఉన్న నాలుగు గుర్తులు కంపెనీవి. 8086 అయితే ఇంటెల్ (1978లో వచ్చిన వాళ్ల ప్రసిద్ధ ప్రాసెసర్ నెంబరే ఇది). 10డీఈ అయితే ఎన్విడియా. 1002 అయితే ఏటీఐ, అంటే తర్వాతి ఏఎండీ. 'డెవ్' తర్వాత నాలుగు గుర్తులు మోడల్‌వి. మన దాంట్లో 10డీఈ, 0ఏ65 అని ఉంది. అంటే ఎన్విడియా జీఫోర్స్ 210. ఇది 2009లో వచ్చిన చవక కార్డు.

ఇదే తెరలో 'కంప్యూటర్' ప్రాపర్టీస్‌కు పోయి విండోస్ 32 బిట్టా, 64 బిట్టా అన్నది కూడా రాసుకోవాలి. ఒక దాని డ్రైవర్ ఇంకో దానికి ఎక్కదు.

కొత్తదే మంచిదా?

బట్టలైతే కొత్తవి మంచివి. డ్రైవర్ విషయంలో అలా కాదు. కంపెనీలు కొన్నేళ్ల తర్వాత పాత కార్డులను కొత్త డ్రైవర్ల జాబితా నుంచి తీసేస్తాయి. జీఫోర్స్ 8, 9, 200 వరుసలకు ఎన్విడియా ఇచ్చిన ఆఖరి డ్రైవర్ 342.01. అది 2016 డిసెంబర్‌లో వచ్చింది. ఆ తర్వాత వచ్చినవి ఏవీ ఈ కార్డును గుర్తుపట్టవు. "ఈ డ్రైవర్‌కు సరిపోయే గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ కనబడలేదు" అని ఇంగ్లీషులో చెప్పి ఆగిపోతాయి. షాపులో కొత్త డ్రైవర్ వేయబోతే వచ్చింది ఈ వాక్యమే. దాన్ని 'కార్డు చచ్చిపోయింది' అని చదివారు. నిజానికి దుబాసీ తనకు ఆ యాస రాదని చెబుతున్నాడు.

విండోస్ మారినా ఇదే చిక్కు. 2007లో విస్టాతో మైక్రోసాఫ్ట్ గ్రాఫిక్స్ డ్రైవర్ల పద్ధతినే మార్చింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఎక్స్‌పీ కాలపు డ్రైవర్లను అసలే ఒప్పుకోవడం లేదు. కాబట్టి కార్డు పేరు, విండోస్ పేరు, బిట్టు - ఈ మూడూ కలిసిన డ్రైవరే మనకు కావాలి.

వేసే పద్ధతి

1. డ్రైవర్‌ను కంపెనీ సొంత సైటు నుంచే దించుకోండి. 'మీ డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తాం' అనే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. చాలావాటిలో ప్రకటనలు, కొన్నిటిలో వైరస్‌లు ఉంటాయి.

2. విండోస్ 7 అయితే సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో చూడండి.

3. 'సిస్టం రీస్టోర్' లో ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. తేడా వస్తే వెనక్కి రావొచ్చు.

4. సగం ఎక్కిన పాత డ్రైవర్ ఉంటే 'అన్‌ఇన్‌స్టాల్' చేసి, డ్రైవర్ ఫైళ్లు కూడా తొలగించమనే గడిలో టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేయండి.

5. ముందు మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవర్, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ వేయండి. మధ్యలో తెర రెండు మూడు సార్లు నల్లబడుతుంది. కంగారుపడి స్విచ్ ఆపవద్దు. కరెంటు పోయే సూచన ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

6. మళ్లీ రీస్టార్ట్ చేసి, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి 'స్క్రీన్ రిజల్యూషన్' లో మానిటర్‌కు తగిన కొలత పెట్టండి. ఎక్కువ పెడితే మానిటర్ 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటుంది. అప్పుడు ఏమీ నొక్కకుండా పదిహేను సెకన్లు ఆగితే విండోస్ తనంతట తానే పాత కొలతకు వస్తుంది.

342.01 లో 32 బిట్ రకాన్ని వేసి రీస్టార్ట్ చేసేసరికి మన తెర సరిగ్గా కూర్చుంది. సబ్మిట్ బటన్ కనబడింది. ఆ వారంలోనే మిగిలిన తమ్ముళ్ల దరఖాస్తులన్నీ ఇక్కడే పూర్తయ్యాయి.

డ్రైవర్ వేశాక కూడా వీడియోలో మాట వినిపించి బొమ్మ నల్లగా ఉంటే, బ్రౌజర్ సెట్టింగుల్లో 'హార్డ్‌వేర్ యాక్సిలరేషన్' ఆపి చూడండి. పాత కార్డుల్లో చాలాసార్లు దానితో సరిపోతుంది.

తగిన డ్రైవరే లేకపోతే?

అప్పుడు ఆఫీసరునే మార్చాలి, అంటే లినక్స్ వేసుకోవాలి. లినక్స్‌లో పాత ఇంటెల్, ఏటీఐ కార్డుల డ్రైవర్లు లోపలే ఉంటాయి. ఎన్విడియాకు 'నూవో' అనే ఉచిత డ్రైవర్ ఉంది. దాన్ని కంపెనీ రాయలేదు, ప్రపంచం నలుమూలల నుంచి ప్రోగ్రామర్లు కలిసి రాశారు. మన దేశంలో సీ-డాక్ సంస్థ 2007లో 'బాస్' అనే లినక్స్‌ను విడుదల చేసింది, అందులో తెలుగు కూడా ఉంది. చాలా లినక్స్‌లను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోనక్కర లేదు. నచ్చితేనే వేసుకోవచ్చు. మొదలయ్యేటప్పుడే తెర నల్లబడితే, బూట్ వరుసలో 'నోమోడ్‌సెట్' అని చేర్చి చూడాలి. ఇది లినక్స్‌లో సైగల భాష లాంటిది.

మన కంప్యూటర్‌కూ త్వరలో ఇదే చేయాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజర్ కూడా 2023లో 109తో దానికి ఆఖరు పలికింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది.

మనవి

తమ్ముళ్లారా, తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని చదవకుండా 'ఓకే' నొక్కవద్దు. అక్షరం పొల్లు పోకుండా నోటుబుక్కులో రాసుకోండి, అర్థం తర్వాత అడగొచ్చు. కంప్యూటర్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీశాం. అందులో కార్డు పేరు, విండోస్ రకం, డ్రైవర్ నెంబరు, వేసిన తేదీ ఉన్నాయి. ఎవరు ఏం మార్చినా అందులో రాయాలి. కంపెనీలు పాత డ్రైవర్లను సైట్ల నుంచి తీసేస్తుంటాయి కాబట్టి, దించిన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో పెట్టి వార్డెన్ సార్ బీరువాలో ఉంచాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీ ఆఫీసుల్లో, ఇళ్లల్లో పక్కన పెట్టిన కంప్యూటర్లు హాస్టల్‌కు ఇచ్చేటప్పుడు వాటి మోడల్ పేర్లు ఒక కాగితం మీద రాసి, డ్రైవర్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. మీకు అది పది నిమిషాల పని. ఇక్కడ అది లేకపోతే యంత్రం మూల పడుతుంది.

సెలవుల్లో మేము మళ్లీ వస్తాం. అప్పటికి లినక్స్ పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంటుంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆ నోటుబుక్కు చివరి పేజీలో పేర్లు రాసి పెట్టండి.