మొరాయించే గుర్రం మొండిదేనా?

హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులు గుర్రపు స్వారీ కూడా నేర్చుకుంటారు. అంతకుముందు ఎన్నడూ జీను ఎక్కనివారికి ఎక్కడైనా మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. కదలమంటే గుర్రం నిలబడిపోతుంది, ఆగమంటే పరుగందుకుంటుంది. దానిని మొండితనమని అనుకోవడం సహజం. నిజానికి మొరాయింపు వెనుక చాలాసార్లు ఉండేది భయమో, నొప్పో, లేదా రౌతు ఇచ్చిన అస్పష్టమైన సంకేతమో.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. తలకు ఇరువైపులా ఉన్న కళ్లతో దాదాపు చుట్టూ చూడగలదు. అయితే నుదుటికి సరిగ్గా ఎదుట, తోకకు సూటిగా వెనుక ఉన్నది దానికి కనిపించదు. అందుకే వెనుక నుంచి చప్పుడు లేకుండా సమీపించేవారిని అది తన్నే ప్రమాదం ఉంది.

గాలికి ఎగిరిన ప్లాస్టిక్ సంచిని చూసి బెదిరిన గుర్రాన్ని కొరడాతో కొడితే, సంచితోపాటు దెబ్బ కూడా దాని జ్ఞాపకంలో నిలిచిపోతుంది. మరునాడు భయం రెట్టింపవుతుంది. భయపెట్టిన వస్తువును దూరం నుంచి చూపి, గుర్రం తల దించి శాంతించాక ఒక్కో అడుగు దగ్గరకు నడిపించడం మేలు. గుర్రంతో కోపంగా వ్యవహరించరాదని గ్రీకు రచయిత జెనొఫన్ సుమారు 2,400 ఏళ్ల క్రితమే రాశాడు.

నిన్నటివరకు సాధువుగా ఉన్న గుర్రం హఠాత్తుగా తల ఎగరేస్తున్నా, జీను పట్టీ బిగించేటప్పుడు కరవబోతున్నా శిక్షణ ఆపి శరీరాన్ని పరీక్షించాలి. గుర్రం పళ్లు అరిగేకొద్దీ పైకి వస్తూనే ఉంటాయి. వాటి అంచులు పదునెక్కి బుగ్గలను కోస్తే కళ్లెం తగిలినప్పుడల్లా బాధే. వీపుకు సరిపడని జీను, సరిగా కొట్టని లాడం కూడా ఇలాంటి అవిధేయతకే దారితీస్తాయి. ముందు పశువైద్యుడిని పిలవాలి, శిక్షకుడి వంతు ఆ తరువాతే.

రౌతు శరీరమే భాష

గుర్రం మనిషి శరీరాన్ని ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో బెర్లిన్‌లోని ‘క్లెవర్ హాన్స్’ ఉదంతం చెబుతుంది. లెక్కలు అడిగితే డెక్కతో నేలను తట్టి జవాబిచ్చే ఆ గుర్రం 20వ శతాబ్దపు తొలినాళ్లలో సంచలనమైంది. నిజానికి దానికి లెక్కలు రావని, సరైన సంఖ్య రాగానే ప్రశ్నించిన వ్యక్తి తలలో తెలియకుండానే కలిగే స్వల్ప కదలికను చూసి ఆగేదని 1907లో ఆస్కార్ ఫంగ్‌స్ట్ తేల్చారు. లెక్కల కన్నా ఇదే పెద్ద విద్య కాబోలు.

అంతటి గ్రహణశక్తి గల జీవిపై కొత్త రౌతు చేసే పొరపాటు తేలికగా అర్థమవుతుంది. పడిపోతానేమోనని మడమలు బిగిస్తాడు. అది ‘వెళ్లు’ అనే సంకేతం. అదే క్షణంలో పట్టుకోసం పగ్గాలు లాగుతాడు. అది ‘ఆగు’ అనే సంకేతం. రెండూ ఒకేసారి అందిన గుర్రం మొరాయించక ఏం చేస్తుంది?

దీనికి పాత పద్ధతే పనిచేస్తుంది. శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని వలయాకారంలో నడిపిస్తుంటే, రౌతు పగ్గాలు పట్టకుండా, ఆపైన రికాబులూ వదిలి కూర్చోవడం సాధన చేస్తాడు. పగ్గం ఆసరాగా కాక సంకేతంగా మారేది అప్పుడే.

గుర్రానికి నేర్పేది ఒత్తిడి కాదు, ఒత్తిడి తొలగే క్షణం. కాలితో నొక్కగానే అడుగు వేస్తే ఆ క్షణమే కాలు సడలించాలి. ఆలస్యం చేస్తే ఏ పనికి ఉపశమనం దొరికిందో దానికి తెలియదు. ఎప్పటికీ సడలకపోతే ఆ స్పర్శను పట్టించుకోవడమే మానేస్తుంది. అనేకమంది కొత్తవారిని మోసే స్వారీ పాఠశాలల గుర్రాలు మొద్దుబారినట్టు కనిపించడానికి ఇదో కారణం.

అదుపు తప్పి దౌడు తీసే గుర్రాన్ని రెండు పగ్గాలూ ఏకబిగిన లాగి ఆపబోతే అది కళ్లేనికి ఎదురొడ్డుతుంది. నిటారుగా కూర్చుని, పగ్గం లాగి వదులుతూ, చోటుంటే పెద్ద వలయంలోకి తిప్పి క్రమంగా దానిని చిన్నది చేయాలి. వేగంలో ఒక్కసారిగా మలిపితే గుర్రమే పడిపోవచ్చు.

ఇదే అవగాహన ఉన్నత స్థాయిలో డ్రెస్సాజ్ క్రీడగా కనిపిస్తుంది. అందులో సంకేతాలు చూపరుల కంట పడరాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలాల జట్టు ఈ విభాగంలోనే స్వర్ణం గెలిచింది. 1982 ఢిల్లీ క్రీడల తరువాత అశ్వక్రీడల్లో భారత్‌కు అదే తొలి ఆసియా స్వర్ణం.

మరోవైపు పెళ్లి ఊరేగింపుల్లో దీపాలు, బాణసంచా, బ్యాండు మేళాల నడుమ బెదిరే గుర్రాలను ముళ్ల కళ్లేలతో అదుపు చేయడం నేటికీ కనిపిస్తుంది. బరువులు లాగే, మోసే జంతువులపై 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఇలాంటి ముళ్ల పరికరాలను నిషేధించాయి. ముళ్లతో గాయపడిన నోటికి చికిత్స చేయించి, అది మానేదాకా కళ్లెం లేకుండా తలతాడుతోనే నేలపై నడిపించడంతో ఆ గుర్రానికి శిక్షణ మళ్లీ మొదలుపెట్టాల్సి ఉంటుంది.