పులుపు చేసే పనులు

ఆమ్లం అనగానే బట్ట మీద పడితే చిల్లు పెట్టే ద్రావకమే గుర్తొస్తుంది. కాని పొద్దున మీరు చారులోకి పిసికిన చింతపండులోనూ ఉన్నది ఆమ్లమే. మీ ఊరు హోసూరైనా, కోలారైనా, బరంపురమైనా, యానామైనా పులుపు లేని తెలుగు వంటిల్లు ఉంటుందా చెప్పండి!

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. ఇవన్నీ బలహీన ఆమ్లాలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపితే దాని అణువులు దాదాపు అన్నీ విడిపోతాయి. వెనిగర్‌లో వెయ్యింటికి నాలుగో ఐదో మాత్రమే విడిపోతాయి. అందుకే అది నాలుకను జివ్వుమనిపిస్తుందే గాని కాల్చదు.

బలహీనమన్నారు కదా అని తేలిగ్గా తీసుకోకండి. చింతపండుతో తోమితే ఇత్తడి బిందె తళతళలాడేది పైనున్న మకిలిని ఆమ్లం కరిగించబట్టే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు రాత్రంతా ఉంచితే అదే పని గిన్నె లోపల జరుగుతుంది. రాగి పులుసులోకి దిగుతుంది, తిన్నవాళ్ళకు వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. పులుసుకు రాచ్చిప్ప, ఊరగాయకు జాడీ వాడిన పెద్దలది ఉత్త చాదస్తం కాదు. తమిళనాట మనవాళ్ళు రాచ్చిప్పను కల్చట్టి అనే అంటారు లెండి.

ఇక సెలవుల్లో పిల్లల పని. కప్పు మైదా, అరకప్పు ఉప్పు, కప్పు నీళ్ళు, చెంచా నూనె, రెండు చెంచాల నిమ్మరసం, చిటికెడు పసుపు కలిపి, ఉండ కట్టకుండా సన్నని సెగ మీద తిప్పండి. గిన్నెను వదిలి ముద్దయ్యాక దించి, చల్లారనిచ్చి మర్దించండి. బొమ్మలకు పిండి సిద్ధం! నిమ్మరసం ముద్దను మెత్తగా, సాగేలా ఉంచుతుంది, బూజును కొంత ఆపుతుంది. కొందరు ఇందుకు క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి వేస్తారు. అది చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తాలూకు లవణమే. ఇంట్లో నిమ్మకాయ ఉండగా దానికోసం బజారుకు వెళ్ళక్కర్లేదు.

అన్నీ వంటింటి సరుకులే కదా, తింటే ఏమవుతుందిలే అనుకోవద్దు. ఈ ముద్దలో ఇంచుమించు మూడోవంతు ఉప్పే. నిమ్మకాయంత ముద్ద, అంటే 30 గ్రాములు, మింగితే సుమారు 9 గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. పెద్దవాళ్ళకే రోజుకు 5 గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసివాడికి ఇది ప్రాణం మీదికి రావచ్చు, పెంపుడు కుక్కకూ అంతే. బిడ్డ ముద్ద మింగితే కక్కించడానికని ఉప్పునీళ్ళు మాత్రం పట్టకండి, అది ఉప్పు మీద ఉప్పు. విపరీతమైన దాహం, వాంతులు, మగతల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆట అయ్యాక ముద్దను మూతగట్టి డబ్బాలో పెట్టి, పై అలమరలో ఉంచండి. వాసన మారినా, బూజు చుక్క కనబడినా పారేసి కొత్తది చేసుకోండి. పట్టేది పదిహేను నిమిషాలే.