వానలో ముందు బ్రేకు

నాకు మోటారు సైకిలు నేర్పింది మా పెద్దన్నయ్య. వూరి చివర చెరువు గట్టుమీద, నా వెనక కూర్చుని ఆయన చేసిన మొట్టమొదటి హితబోధ యిది: "ఒరేయ్, కుడిచేతి బ్రేకు జోలికి పోకు. పోయావో, పల్టీ కొడతావు. కాలి బ్రేకే బ్రేకు!" అన్నగారి మాట జవదాటని వాణ్ణి గనక, యిరవయ్యేళ్లపాటు ఆ చేతి బ్రేకును ఒక అలంకారంగానే చూస్తూ వచ్చాను. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. అలంకారాలంటే మొదటినుంచీ నాకు గౌరవమే.

ఆ గౌరవానికి ఖరీదెంతో 2023 జూలైలో తెలిసివచ్చింది.

అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని కోనసీమలో మా అత్తవారి వూరు వెడుతున్నాను. కాలవ గట్టు రోడ్డు. అటు కాలవ, యిటు చేలు. చేలల్లో దమ్ములు జరుగుతున్నాయి. సన్నగా చినుకు మొదలైంది. పెద్ద వానయితే యే చెట్టు కిందో ఆగేవాళ్లమే; చినుకే గదా అని సాగిపోయాను. వేగం గంటకి 40 కిలోమీటర్లు మించలేదని ప్రమాణం చేసి చెప్పగలను. మలుపు తిరిగేసరికి దమ్ము చేసిన ట్రాక్టరొకటి పొలంలోంచి రోడ్డెక్కుతోంది. అలవాటు చొప్పున బలమంతా కుడికాల్లోకి తెచ్చుకుని బ్రేకు తొక్కాను. వెనక చక్రం తిరగడం మానేసింది. బండి మాత్రం ఆగలేదు! తోక పక్కకి జరిగి, బండి అడ్డం తిరిగి, తండ్రీ కూతుళ్లిద్దరం రోడ్డుమీద వున్నాం. కాలవలో పడలేదు, ట్రాక్టరు కిందా పడలేదు. నాకు మోచెయ్యి దోక్కుపోయింది. అమ్మాయికి కుడి మణికట్టు యెముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ దానికి మా ఆవిడ అన్నం కలిపి నోట్లో పెట్టింది. నాతో మాత్రం ముక్తసరిగానే మాట్లాడింది.

బండిని మా వీధి చివర మెకానిక్కు దగ్గరకి తోయించాను. అరవై దాటిన మనిషి. రెండు చక్రాలూ విప్పి, బ్రేకు షూలు తీసి, న్యూసు పేపరు మీద పక్కపక్కన పెట్టాడు.

"చూశారాండీ మేష్టారూ? వెనకవి అరిగి రేకైపోయాయి. ముందువి చూడండి, పెళ్లికూతుళ్లలా వున్నాయి. బండి కొన్నాక వీటితో పనే పెట్టుకోలేదాండీ?"

అన్నయ్యగారి సూక్తి వినిపించాను. ఆయన నవ్వలేదు.

"బస్సులో నిలబడ్డారనుకోండి. డ్రైవరు బ్రేకు వేశాడు. మీరు యెటు తూలతారు?"

"ముందుకి."

"బండీ అంతేనండి. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదకి వాలుద్ది. వెనక చక్రం తేలికైపోద్ది. తేలికైపోయినదాన్ని పట్టుకు వేలాడితే బండేం ఆగుద్దండీ?"

ఇరవయ్యేళ్లలో నాకు తట్టని విషయం యిది. ఎంత బ్రేకు వేసినా చివరికి బండిని ఆపేది రోడ్డుని పట్టుకున్న టైరే. ఆ పట్టు మీద పడే బరువునుబట్టి వుంటుంది. తిరుగుతున్న చక్రానికి పట్టు వుంటుంది, దారి వుంటుంది; బిగుసుకుపోయిన చక్రం జారుడుబల్ల మీది పిల్లాడే. పొడిరోడ్డు మీదే వెనక చక్రం తొందరగా బిగుసుకుంటుంది. వానలో అయితే మరీను.

మరి అన్నయ్య మాట పూర్తిగా అబద్ధమా అంటే కాదు. పొడిరోడ్డు మీద ముందు బ్రేకు ఒక్కసారిగా బిగిస్తే వెనక చక్రం లేచిన సందర్భాలు లేకపోలేదు. తడిరోడ్డు మీద పల్టీ కొట్టించేపాటి పట్టు సాధారణంగా వుండదు. అక్కడ భయపడవలసింది ముందు చక్రం జారుతుందేమోనని. దానికి మందు ఆ బ్రేకును మానెయ్యడం కాదు, మెల్లగా వెయ్యడం.

"నిమ్మకాయ పిండినట్టండి. ముందు వేళ్లు ఆనించండి. బరువు ముందుకొచ్చాక పిండండి. గుప్పెట బిగించేశారో, అయిపోయారే!" అన్నాడాయన. ఆనించడానికీ పిండడానికీ మధ్య పట్టే ఆ అర సెకనులోనే వుంది కిటుకంతా. బరువు యింకా ముందుకి రాకముందే బిగిస్తే చక్రం జారుతుంది. వచ్చాక బిగిస్తే అదే టైరు ఎక్కువ భారం మోస్తుంది. వెనక బ్రేకు కూడా దానితోపాటే, అయితే లేతగా. క్లచ్చు చివరిదాకా పట్టకూడదు. అప్పటిదాకా యింజనూ వేగం తగ్గించడంలో ఒక చెయ్యి వేస్తుంది. కంగారుపడి గేర్లు టకటకా దించినా వెనక చక్రం బిగుసుకుంటుంది సుమండీ. మలుపులో బండి వాలి వుండగా కాక, మలుపుకు ముందే, బండి నిటారుగా వుండగానే వేగం తగ్గించుకోవాలి. ముందు చక్రం జారినట్టనిపిస్తే తక్షణం వదిలి, మళ్లీ మెత్తగా పట్టాలి.

ఎంత దూరంలో ఆగుతుందన్నది మా ఫిజిక్సు లెక్చరరుగారు స్టాఫు రూములో సుద్దముక్కతో లెక్క కట్టి చూపించారు. 40 కిలోమీటర్ల వేగంలో, ప్రమాదం కంటబడి చెయ్యి కదిలే ఒక్క సెకనులోనే బండి 11 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక పొడి తారురోడ్డు మీద సుమారు 9 మీటర్లు, తడిరోడ్డు మీద 15 మీటర్ల పైచిలుకు. అదీ రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తేనే. 60లో పోతే తడిరోడ్డు మీద బ్రేకు దూరమే 35. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం రెండుంపావు రెట్లవుతుందన్న మాట. ఈ లెక్క విన్నాక ముందుపోయే బస్సుకీ నాకూ మధ్య యెడం దానంతటదే పెరిగింది.

రోడ్డుని చదవడం మరో విద్య. కుండపోత కంటే తొలి చినుకులే ప్రమాదం. నెలల తరబడి రోడ్డుమీద పేరుకున్న నూనే, దుమ్మూ ఆ కాస్త నీటితో కలిసి జిడ్డవుతాయి. జోరువాన పడితే కొట్టుకుపోతాయి. నేను "చినుకే గదా" అనుకున్నది సరిగ్గా ఆ ఘడియలోనే! తెల్లరంగు చారలు, మురుగుకాలవ యినప మూతలు, లెవెల్ క్రాసింగు పట్టాలు తడిసినప్పుడు యమపాశాలు. పట్టాల మీద బ్రేకు వెయ్యకుండా, వీలైనంత అడ్డంగా దాటాలి. మన డెల్టాలో ట్రాక్టరు చక్రాలు రాల్చిపోయిన రేగడి బురద, రోడ్డుమీద ఆరబోసి యెత్తెయ్యగా మిగిలిన గడ్డీ వీటికేం తీసిపోవు. నీళ్లలోంచి దాటి వచ్చాక బ్రేకు ఒకటి రెండు నిమిషాలు పట్టదు. వేగం పెంచకముందే, వెనక యెవరూ లేకుండా చూసుకుని, కాసేపు లేతగా నొక్కి వుంచితే ఆ వేడికి ఆరుతుంది.

వెనక కూర్చుని గొడుగు విప్పే అమ్మగార్లకి నమస్కారం. ఆ గొడుగు గాలికి తెరచాప అవుతుంది.

కొత్త బళ్లలో యీ కిటుకు కొంత యంత్రమే చూసుకుంటోంది. 125 సీసీకి మించిన బళ్లలో, కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, తక్కిన వాటికి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చక్రం బిగుసుకోబోతున్నట్టు కనిపెట్టి, సెకనుకి అనేకసార్లు బ్రేకు వదిలి పట్టడం దాని పని. చిన్నబళ్లలో అయితే వెనక బ్రేకు తొక్కినా ముందుది కొంత పడే యేర్పాటు సరిపోతుందన్నారు. ఎన్ని వున్నా అరిగిపోయిన టైరుకి అవి పట్టు తెచ్చిపెట్టలేవు. నాది యివేవీ లేని పాతబండి. దానికి ఏబీఎస్సును నేనే.

అందుకే ఆ వర్షాకాలంలోనే, ఆదివారం ఆదివారం, మా కాలేజీ సిమెంటు దారిమీద 20 వేగంలో సాధన మొదలుపెట్టాను. వానలో తడుస్తూ వెళ్లడం, ఆగడం, మళ్లీ వెళ్లడం. వాచ్‌మన్ రెండోవారం దగ్గరకొచ్చి, "ఏవైనా పోయిందాండీ?" అని అడిగాడు. మొదట్లో వేళ్లు వాటంతటవే వెనక్కి పోయేవి. ఇరవయ్యేళ్ల భయం చేతివేళ్లలో వుంటుందని అప్పుడే తెలిసింది. నాలుగో వారానికి బండి తోక వూపకుండా ఆగింది. కట్టు విప్పిన అమ్మాయి వరండాలో కూర్చుని అంగల లెక్కన దూరం కొలిచింది. అది మళ్లీ నా వెనక కూర్చోవడానికి మాత్రం ఉగాది దాకా పట్టింది.

మొన్న సర్వీసుకి యిస్తే మెకానిక్కు మళ్లీ షూలు విప్పి పేపరు మీద పరిచాడు.

"ఈసారి ముందువి కూడా మార్చాలండి మేష్టారూ, అరిగిపోయాయి" అన్నాడు.

బేరమాడకుండా డబ్బు లెక్కపెట్టి యిచ్చాను.