‘లోతట్టు’ అనే జవాబు

ఈ ఏడాది వానలకు మా అమ్మ ఇంట్లోకి మూడుసార్లు మురుగు వచ్చింది. కృష్ణా డెల్టాలోని ఒక పురపాలక పట్టణపు దళితవాడలో ఉంది ఆ ఇల్లు. మొదటిసారి బియ్యం డబ్బా తడిసింది. తరువాత నా పాత పుస్తకాల పెట్టె. మూడోసారి అమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని రాత్రంతా దానిమీదే కూర్చున్నది.

వచ్చినప్పుడల్లా ఒక అర్జీ రాశాను. విశ్వవిద్యాలయ ఆచార్యుడి సంతకం ఉంటే కాగితం కదులుతుందన్న ఆశ నాలోనూ ఉండేది, దాచడమెందుకు? అన్నింటికీ ఒకే జవాబు: ‘లోతట్టు ప్రాంతం అయినందున నీరు చేరుచున్నది. సమస్య పరిష్కరించడమైనది.’ నీరు చేరుతూ ఉండగానే సమస్య పరిష్కారమైపోయింది!

లోతట్టు అన్న మాట వినడానికి భూగోళశాస్త్రంలోని మాటలా ఉంటుంది. మా వాడ ఆ పల్లానికి తనంతట తాను నడిచి వెళ్లలేదు. మెరకన ఊరు, పల్లాన వాడ అన్న పాత ఏర్పాటే, గ్రామం పట్టణమయ్యాక వార్డు సరిహద్దుగా మిగిలింది. ఆ పల్లాన్ని ఇంకా లోతు చేసింది మాత్రం పురపాలక సంఘమే. నా చిన్నతనంలో వీధిలోంచి మా గుమ్మానికి రెండు మెట్లు ఎక్కేవాళ్లం. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే ప్రతిసారీ కొత్త సిమెంటు పోస్తూ వచ్చారు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగుతున్నాం. ‘రోడ్డు పెరిగింది గానీ మనిల్లు పెరగలేదు గదరా’ అంటుంది అమ్మ. ఇది ఇంజినీర్లకు తెలియని సంగతేమీ కాదు. బజారు వైపు వెడల్పు చేసిన కాల్వ మా వాడ మొదట్లో పాత ఇరుకు తూములోకి వచ్చి పడుతుంది. బజారు ఆరుతుంది, వాడ మునుగుతుంది.

బజారు కాల్వలో పూడిక తీసేవారిలో ఎక్కువమంది మా వాడవాళ్లే. పొద్దున అక్కడ మురుగు ఎత్తి, సాయంత్రం ఇంటికొచ్చి బక్కెట్లతో మళ్లీ మురుగే ఎత్తిపోస్తారు. కాంట్రాక్టు కార్మికులు గనుక అర్జీ మీద వాళ్లు సంతకం పెట్టలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

నీటి గురించి దళితులు నోరెత్తడానికి ఈ దేశంలో ఒక చరిత్ర ఉంది. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీరు తాగినందుకు అంబేడ్కర్ వెంట నడిచినవారిపై దాడి చేశారు. 1985లో కారంచేడులో, మాదిగలు తాగే చెరువును మురికి చేయవద్దన్న అభ్యంతరం ఆరుగురి హత్యదాకా వెళ్లింది. నేడు మా పట్టణంలో ఫిర్యాదు చేస్తే ఎవరూ కొట్టరు, రసీదు ఇస్తారు. ఈ తేడా చిన్నదని అనను. కానీ ఆ రసీదు వెనుక పని జరగదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నేల అంతస్తులో మునిగిన ఇళ్లకు రూ.25 వేలు ప్రకటించారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరద బాధితులకు రూ.10 వేలు ప్రకటించారు. కెమెరాలు వచ్చే వరదకు లెక్క ఉంది. ఏటేటా మోకాలిలోతు వచ్చే మురుగుకు ఏ పట్టికలోనూ గడి లేదు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రజారోగ్యాన్నీ, పారిశుద్ధ్యాన్నీ, మురికివాడల అభివృద్ధినీ పురపాలక సంఘాలకు అప్పగించదగిన బాధ్యతల జాబితాలో చేర్చింది. షెడ్యూల్డు కులాలకు వార్డులు కేటాయించింది. మాదీ రిజర్వుడు వార్డే. మా కౌన్సిలరమ్మ ఇల్లు మా వరుసలోనే ఉంది, ఆమె ఇంట్లోకీ మురుగు వస్తుంది. సమావేశంలో అడిగితే అది అజెండాలో లేదన్నారట.

నాలుగో కాగితంలో నేను సాయం అడగలేదు. సమాచార హక్కు చట్టం కింద రెండే అడిగాను: మా వీధికి రోడ్డు వేసిన ప్రతిసారీ నమోదు చేసిన ఎత్తుల కొలతలు, ‘పరిష్కరించడమైనది’ అని రాసిన రోజుల్లో అక్కడ జరిగిన పని వివరం. గడువు 30 రోజులు. ఇవాళ్టికి 22 గడిచాయి. అమ్మ మంచం కింది ఇటుకలు ఇంకా తీయలేదు.